దయ ఒక్కటే చాలునా?

భూతదయను గూర్చి మనకెవరూ క్రొత్తగా బోధించనక్కరలేదు. చీమల పుట్ట దగ్గర నూకలు చల్లే అవ్వలు, ఎండకాలంలో పిట్టలకు ముంతలో నీళ్లు పెట్టే పిల్లలు మన వీధులలో నేటికీ కనిపిస్తారు. కాని దయగల చేతులు కూడా ఒక ప్రాణిని చంపగలవు. ఈ సంగతిని నేను గ్రంథాలలో చదవలేదు. మొన్నటి వేసవి సెలవులలో కొయ్యూరులో, నా చేతుల వల్లనే, తెలుసుకొన్నాను. ఆ అనుభవం నుండి కలిగిన కొన్ని అభిప్రాయాలను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొయ్యూరు పేరు మన విద్యార్థులు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజు తుపాకి గుండ్లకు బలియైన ఊరు అదే. 2022 ఏప్రిల్‌లో ఆయన పేర ఏర్పడిన జిల్లాలో అదొక మండల కేంద్రం. ఏ పెద్ద అవసరం వచ్చినా అక్కడివారు దిగవలసిన పట్టణం నర్సీపట్నం. మా అన్నగారు ఆ ఊళ్లో జీడిగింజల వ్యాపారం చేస్తారు. ఆయన గోదాము అరుగు మీద ఒక ఆడకుక్క పడుకొని ఉండేది. అది ఎవరి కుక్కా కాదు. దానికి పేరూ లేదు. ఒళ్లు నల్లగా ఉండటం చేత అందరూ ‘నల్లది’ అనేవారు. రాత్రివేళ కొత్త మనిషి అడుగు పడితే మొరిగేది. పొద్దున్నే మా వదినగారు వేసే రొట్టె ముక్క తిని, తన దారిన తాను పోయేది.

గోదాములో ఎలుకల బెడద ఎక్కువైనది. సంచులు కొరికి పోస్తున్నాయి. ‘మందు నేను పెడతాను’ అని నేనే పూనుకొన్నాను. దుకాణం నుండి తెచ్చిన పొట్లం చింపి, నూకలలో నూనె పోసి, మందు కలిపి, ఎలుకలకు ఇష్టమని ఎండుచేప పొడి కూడా చల్లాను. విస్తరాకు ముక్కలలో పెట్టి మూలమూలలా ఉంచాను. ఖాళీ పొట్లం చెత్తకుప్ప మీద పారవేశాను. ఆ పొట్లం మీద ఏమి వ్రాసి ఉన్నదో చదవాలని నాకు తోచలేదు. గోదాము తలుపు క్రింద జానెడు సందు ఉన్నదన్న సంగతి కూడా తోచలేదు.

మగ్రిబ్ నమాజు ముగించుకొని వచ్చేసరికి నల్లది అరుగు క్రింద ముడుచుకొని ఉన్నది. రెండుసార్లు వాంతి చేసికొన్నది. ఆ వాంతి నుండి వెల్లుల్లి వంటి ఘాటైన వాసన వస్తున్నది. పొట్ట పట్టుకుపోయి ఎగశ్వాస పీలుస్తున్నది. ఎండుచేప వాసన ఎలుకను పిలుస్తుందో లేదో గాని కుక్కను తప్పక పిలుస్తుందని నాకు అప్పుడు అర్థమైనది.

క్షణంలో పదిమంది చేరారు. అందరూ మంచివారే. ఒకరు ‘ఉప్పునీళ్లు పట్టించండి బాబూ, కక్కేస్తుంది’ అన్నారు. ఇంకొకరు మజ్జిగ అన్నారు. ‘కడుపులో విషం పలచబడుతుంది, కాస్త గంజి పొయ్యండి’ అన్నది మా వదినగారు. ఎదురింటి పెద్దాయన చింతపండు పిసికి పులుసు తెచ్చాడు. నేను దాని దవడలు పట్టి నోరు తెరిచాను. ఆయన ఒక గుక్కెడు పోశాడు. సగం ముక్కులోకి పోయి, అది ఉక్కిరిబిక్కిరై దగ్గింది. రెండో గుక్కెడు పోయబోతుండగా మా అన్నగారి అమ్మాయి చెత్తకుప్ప దగ్గర నుండి పరుగెత్తి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల. చేతిలో నేను పారవేసిన పొట్లం.

‘చాచా, ఆగండి! దీని మీద జింక్ ఫాస్ఫైడ్ అని ఉంది. డాక్టరుగారికి ఫోను చెయ్యండి’ అన్నది.

ఫోనులో పశువైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న ‘ఏమి తిన్నది?’ అనే. అమ్మాయి పొట్లం చూసి పేరు చదివింది. ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ చెవులలో ఉన్నాయి. ‘మాస్టారూ, ఆ పులుసు అవతల పారబోయండి. గంజి గాని పాలు గాని ఏదీ నోట పోయవద్దు. ఆ వాంతి దగ్గరకు పిల్లలను రానివ్వకండి. మీరూ గాలివాటుకు నిలబడండి. పొట్లం పట్టుకొని ఉన్నపళంగా బయలుదేరండి.’

ఆటోలో, రెండువైపులా గాలి వచ్చేటట్లు పరదాలు ఎత్తి కట్టి, దాన్ని తీసికొని వెళ్లాము. కడుపు కడిగారు. కడుపులోని ఆమ్లాన్ని విరిచే మందు ఇచ్చారు. సెలైను ఎక్కించారు. దానికి విరుగుడు మందంటూ లేదనీ, ఒంటిని నిలబెట్టడమే వైద్యమనీ చెప్పారు. తెల్లవారేసరికి నల్లది తల ఎత్తింది.

ఆ రాత్రి వైద్యుడు వివరించిన సంగతి ఇది. జింక్ ఫాస్ఫైడ్ పొడి కడుపులోని ఆమ్లంతో కలిసినప్పుడు ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. చంపేది ఆ వాయువే. కడుపులోకి అన్నమో గంజో పోతే ఆమ్లం ఊరుతుంది. ఆమ్లం ఊరితే వాయువు మరింత పుడుతుంది. అంటే మా వదినగారి జాలి ఆ విషానికి వంటచెరకు అయ్యేది. కుక్క కక్కినప్పుడు వెలువడే ఆ వాయువు ప్రక్కన కూర్చున్న మనిషికీ ప్రమాదమే. ఇక చింతపండు మాట. 2022లో వెలువడిన ఒక పశువైద్య పరిశీలన, చింతపండు తిన్న కుక్కలలో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదాహరణలను తెలిపి, అందలి టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చునన్నది. తరతరాలుగా మనం విరుగుడని నమ్మినది కుక్క పాలిటికి మరొక విషం. ఉప్పునీళ్ల సంగతీ అంతే. కక్కకపోతే ఆ ఉప్పు రక్తంలో చేరి మెదడును దెబ్బతీస్తుంది. మగతలో ఉన్న కుక్క నోట బలవంతంగా పోసినది ఏదైనా, నూనె గాని మజ్జిగ గాని, ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది.

తెలుగులో ఎమ్మే పట్టం పుచ్చుకొన్నవాణ్ని. చిన్న అక్షరాలతో అచ్చయిన ఒక చీటీ చదవలేదు. చదివిన పిల్ల ఎనిమిదో తరగతిది. నల్లది బ్రతకడానికి మా పదిమంది దయ కారణం కాదు. ఆ పిల్ల చదివిన ఒక్క పేరు కారణం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉన్నది. కాని ఒప్పుకోకపోతే వ్యాసం వ్రాయడం దేనికి?

విషమన్నది ఒకటి కాదు. ఒక్కొక్క విషానికి ఒక్కొక్క నడక. ఎలుకలకు పెట్టే మందులలోనే బ్రోమాడియోలోన్ వంటి మరొక జాతి ఉన్నది. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దాన్ని తిన్న కుక్క ఆనాడు, మరునాడు కూడా తోక ఊపుతూ తిరుగుతుంది. ‘ఏమీ కాలేదు’ అని మనం ఊపిరి పీల్చుకొన్న తరువాత, మూడు నుండి అయిదు రోజులకు లోపల రక్తస్రావం మొదలవుతుంది. దానికి కె-1 విటమిను విరుగుడు. అదీ ఒక సూదితో పోదు, వారాల తరబడి ఇవ్వాలి. పొలాలలో చల్లే పురుగుమందులలో అనేకం నరాలను పట్టుకొంటాయి. చొల్లు, కన్నీరు ధారగా కారడం, కంటిపాప చిన్నదై పోవడం, ఒళ్లంతా వణుకు వాటి గుర్తులు. వాటికి అట్రోపిన్ ఉన్నది. పూలమొక్కలకు ఎరువుగా వేసే ఆముదపు చెక్కను కుక్కలు ఇష్టపడి తింటాయి. అందులోని రిసిన్‌కు విరుగుడు లేదు. మన వంటిళ్లలోనూ ఉన్నాయి. చాక్లెట్టు, ఉల్లి, ఎండుద్రాక్ష మనకు రుచి, కుక్కకు చేటు. పండుగనాడు మిగిలిన షీర్‌ఖుర్మాను వాకిటి కుక్కకు పోసే ఇల్లాలు పుణ్యమనుకొనే పోస్తుంది. అందులోని ఎండుద్రాక్ష దాని మూత్రపిండాలను చెరుపగలదని ఆమెకు ఎవరు చెప్పారు?

కనుక మొదట చేయవలసిన పని మందు పోయడం కాదు, ఏమి తిన్నదో తెలుసుకోవడం. పొట్లం, సీసా, మిగిలిన ముద్ద, ఏది దొరికితే అది భద్రం చేయాలి. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది అన్నది వైద్యునికి చెప్పాలి. కక్కించాలా వద్దా అన్నది వైద్యుడు చెప్పవలసిన మాట. కిరసనాయిలు, ఆమ్లాలు, సూది వంటి వాడి వస్తువులు మ్రింగినప్పుడు కక్కిస్తే దిగినప్పటికంటె పైకి వచ్చేటప్పుడే ఎక్కువ గాయం చేస్తాయి. మూర్ఛలో ఉన్నదాన్ని, శ్వాస ఆడనిదాన్ని కక్కించరాదు. వాంతి చేసికొంటున్న కుక్క మూతి గట్టిగా కట్టరాదు. వైద్యులు వాడే బొగ్గు వేరు, మన పొయ్యిలోని బొగ్గు వేరు. 1962 అనే నంబరుకు ఫోను చేస్తే పశువుల సంచార వైద్య వాహనాన్ని పిలువవచ్చు. మన రాష్ట్రంలో 2022లో ఆ సేవ మొదలైనది.

ఇంకొక జాగ్రత్త. చొల్లు కారుస్తూ మ్రింగలేక బాధపడే ప్రతి కుక్కా విషం తిన్నది కాకపోవచ్చు. పిచ్చికుక్క వ్యాధి కూడా అదే రూపంలో వస్తుంది. నేను ఆనాడు చేసినట్లు వట్టిచేతులతో నోరు తెరవడం తప్పు. కరచినా, గాయం మీద చొల్లు పడినా పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోయి టీకా వేయించుకోవాలి.

నల్లది ప్రాణం దక్కిన తరువాత కూడా కథ ముగియలేదు. ఫాస్ఫీన్ తాకిడి కాలేయం మీద, మూత్రపిండాల మీద కొన్ని రోజుల తరువాత కనిపించవచ్చునని వైద్యుడు హెచ్చరించాడు. గోదాము వెనుక నీడలో గోనెపట్టా పరిచి పడుకోబెట్టాము. నీళ్లు ఒక్కసారి గిన్నెడు కాక, కొద్దికొద్దిగా పెట్టాము. చిగుళ్లు పాలిపోయాయా, కళ్లు పచ్చబడ్డాయా, మూత్రం సరిగా పోస్తున్నదా అని అమ్మాయి పూటపూటకూ చూసి నోటుపుస్తకంలో వ్రాసేది. వైద్యుడు సరేనన్న తరువాతనే మెత్తని అన్నం, ఉప్పుకారాలు లేని ఉడికించిన కోడిమాంసం ముక్కలు పెట్టాము. పదో రోజు రాత్రి ఎవరో వస్తుంటే అది మొరిగింది. మా ఇంట్లో ఎవరికీ ఆ రాత్రి నిద్రాభంగం అనిపించలేదు.

మన ఇండ్లలో కొందరు కుక్కను తాకడానికి జంకుతారు. దాని లాలాజలం తగిలితే కడుక్కోవాలనే నియమం మన ధర్మంలో ఉన్నమాట నిజమే. కాని కడుక్కొమ్మన్నారే గాని, చావనిమ్మనలేదు. దప్పికతో నాలుక వ్రేలాడవేసిన కుక్కకు బావిలోకి దిగి, తన తోలు మేజోడుతో నీరు తెచ్చి పోసిన బాటసారి కథ హదీసు గ్రంథాలైన బుఖారీ, ముస్లిం రెంటిలోనూ ఉన్నది. అల్లా అతని పాపాలను క్షమించాడని మనం చిన్ననాటి నుండి విన్నాము. ఈ సంఘటన తరువాత ఆ కథ నాకు మరొక విధంగా అర్థమైనది. ఆ బాటసారి కొద్ది నిమిషాల ముందే అదే దప్పికతో అల్లాడి ఆ బావిలో నీరు త్రాగి పైకి వచ్చినవాడు. కుక్క బాధ ఏమిటో అతనికి తెలుసు. దప్పిక అని తెలుసు గనుకనే నీరు పోశాడు. అతని దయలో తెలివి ముందుగానే ఉన్నది. ఆకలి, దప్పిక మనకు అనుభవం వల్ల తెలుస్తాయి. విషం అనుభవం వల్ల తెలియదు. అక్కడ అనుభవం స్థానంలో చదువు నిలబడాలి.

మన తెలుగు భారతం కూడా ఒక కుక్క ఫిర్యాదుతోనే కథలోకి దిగుతుంది. జనమేజయుని తమ్ములు ఏ తప్పూ చేయని సారమేయుని కొట్టగా, తల్లియైన సరమ రాజసభకు వచ్చి న్యాయం అడిగింది. దీనులకు కీడు చేసినవారికి అనుకోని భయం వచ్చి తీరుతుందని చెప్పిపోయింది. చెయ్యి ఎత్తి కొట్టినవారిని సరమ నిలదీసింది. విస్తరాకులో విషం పెట్టి మరచిపోయినవాణ్ని నిలదీయడానికి ఎవరు వస్తారు? ఆ పని మన మనస్సాక్షే చేయాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాకపోదు. ‘వీధికుక్కలు పిల్లలను పీక్కుతింటుంటే వాటికి వైద్యం గురించి వ్యాసాలా?’ అని. ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని వీధికుక్కలు బలిగొన్నాయి. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఎవరైనా తల వంచవలసిందే. కాని దానికి విషం సమాధానం కాదు. 2021 జూలైలో పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో సుమారు 300 కుక్కలను విషంతో చంపించారన్న ఆరోపణ దేశమంతటా వినబడింది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ఇటువంటి పనిని నేరమంటున్నది. 2001లోను, తిరిగి 2023లోను వచ్చిన నియమాలు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా అన్న మార్గాన్ని చూపుతున్నాయి. అది ఖర్చుతో, ఓపికతో కూడిన మార్గం. విషం చౌక. కాని విషపు ముద్దకు చిరునామా ఉండదు. కుక్క కోసం పెట్టినది మేకపిల్ల తినవచ్చు. ఎలుక కోసం పెట్టినది నల్లది తిన్నది. రేపు అరుగు మీద పాకే పసిబిడ్డ చేతికి దొరకవచ్చు.

చట్టం మన చేతిలో మరొక సాధనం పెట్టింది. మనం దానివైపు చూడడం లేదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నాటి నియమాల ప్రకారం ఇటువంటి మందుల పొట్లం మీద విషపు తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అతి తీవ్రం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. విషలక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు తెలిపే కరపత్రం లోపల ఉండాలి. ఐనా సంతలలో ఎలుకల మందును కాగితపు పొట్లాలలో విడిగా అమ్మడం, మనం బేరమాడి కొనడం జరుగుతూనే ఉన్నది. ఆనాడు నేను తెచ్చిన పొట్లం అటువంటిదే ఐతే, ఆ పిల్ల ఏమి చదివేది? వైద్యునికి ఏమి చెప్పేది? పేరు లేని విషానికి విరుగుడు కూడా పేరు లేనిదే. మనిషి తిన్నా ఇదే గతి.

కనుక కమిటీ పెద్దలకు నా మనవి మూడు మాటలు. మొదటిది, మన వసతిగృహం సామాను గదికి గాని, ప్రయోగశాలకు గాని పేరు అచ్చు కాని మందు ఏదీ కొనరాదు. కొన్నది తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఎలుకల మందు పెట్టిన రోజున ఏ మందు, ఏ గదిలో, ఎప్పుడు, ఎవరు పెట్టారన్నది తలుపు మీద వ్రాయాలి. మిగిలినది తెల్లవారగానే ఎత్తివేయాలి. రెండవది, ఏడాదికి ఒక్క మధ్యాహ్నం ఒక పశువైద్యుని, ఒక వైద్యుని పిలిపించి, విషం తిన్న ప్రాణికి మొదటి గంటలో చేయవలసినదీ చేయరానిదీ విద్యార్థులకు చెప్పించాలి. మూడవది, ఆ సంగతులను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసిన ఒక పటం వరండాలో వ్రేలాడదీయాలి. మనుషులకు 108, పశువులకు 1962 అని పెద్ద అక్షరాలతో ఉండాలి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు మన వార్షికోత్సవపు పూలదండల ఖర్చుకంటె ఎక్కువ కాదు.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది సెలవులకు పల్లెలకు పోతారు. అక్కడ మీ ఇంటి అటకమీద, పశువుల పాకలో, బియ్యపు డబ్బా ప్రక్కన ఏయే సీసాలు, ఏయే పొట్లాలు ఉన్నాయో ఒక్కసారి చూడండి. వాటి మీద ఉన్నది మీ తల్లికి చదివి వినిపించండి. మీ చదువు ఇంటికి ఉపయోగపడే మొదటి పని అదే కావచ్చు.

సెలవులు ముగిసి నేను తిరిగివచ్చే రోజున నల్లది అరుగు మీదనే పడుకొని ఉన్నది. నన్ను చూసి లేచింది గాని దగ్గరకు రాలేదు. దవడలు పట్టి నోరు తెరిచిన చేతులు దానికి గుర్తున్నాయి కాబోలు. అమ్మాయి పిలువగానే మాత్రం తోక ఊపుతూ వెళ్లింది. గోదాము తలుపు క్రింద సందుకు మా అన్నగారు కొత్త చెక్క కొట్టించారు.